నాలుగు కాగితాల నక్షా

ఆ ఏడు ఇప్పపూలు రాలడం మొదలయ్యేసరికి మా పెరట్లో వెయ్యి ఇటుకలు దిగాయి. ఇటుకలు గుడికి, గుడి ముత్యాలమ్మకి. ముత్యాలమ్మ అంటే మా పెరట్లో ఇప్పచెట్టు కింద నిలబడి ఉన్న నడుమెత్తు రాయి. నేను కాపురానికి వచ్చేనాటికే దానికి పసుపు ఎంత మందంగా పట్టి ఉందంటే, లోపల రాయి ఏ రంగులో ఉందో ఇంట్లో ఎవరూ చెప్పలేకపోయేవారు.

మా అత్తయ్య మహాలక్ష్మి రోజూ పొద్దున్నే స్నానం చేసి, రాగిచెంబుతో నీళ్లు తెచ్చి రాయికి పోసేది. పసుపు రాసేది. "అమ్మా, మా నవీన్‌ని చల్లగ సూడు" అని ఒక్క మాట అనేది. అంతకుమించి ఏమీ అడిగేది కాదు. నవీన్ నా భర్త. ఆరేళ్ల వయసులో మలేరియా తలకెక్కి అతనికి మూడు రోజులు స్పృహ లేదట. వానలకు వాగులు పొంగి భద్రాచలం బస్సు ఆగిపోయిందట. అత్తయ్య ఆ మూడు రోజులూ రాయి ముందే కూర్చుంది. నాలుగో రోజు పిల్లవాడు గంజి అడిగాడు. గుడి కట్టిస్తానని అప్పుడే మొక్కుకుంది. ఇటుకలు రావడానికి ముప్ఫై ఏళ్లు పట్టింది. దేవుళ్ల విషయంలో మా వాళ్లు ఎప్పుడూ తొందరపడరు.

మా వాళ్లు కోమట్లు. చింతపండు, ఇప్పపూలు కొంటారు, ఉప్పూ పప్పూ అమ్ముతారు. ఊరి బోర్డు మీద కోంటా అని ఉంటుంది కానీ మా నోట్లో అది కుంటే. పక్కనే శబరి నది, అవతలి ఒడ్డున ఒడిశా, కాస్త దిగువకి పోతే ఆంధ్ర. నేను పుట్టింది భద్రాచలంలో. ఇక్కడ సర్కారు హిందీ మిడిల్ స్కూల్లో అతిథి టీచర్ని. అతిథి అంటే మర్యాద అనుకునేరు, ఎప్పుడు పొమ్మన్నా పోవలసిన మనిషి అని అర్థం.

ఊరక రారు మహానుభావులు అన్నట్టు, మార్చి నెల మధ్యలో మా హెడ్‌మాస్టరు ఒక కాగితం పట్టుకుని నా క్లాసుకి వచ్చారు. ఏడో తరగతి పిల్లలతో ఊరి చరిత్ర పటం గీయించాలట. ఏప్రిల్ ఆఖర్లో బ్లాక్ ఆఫీసులో ప్రదర్శన. "మేడమ్‌జీ, ఆప్ దేఖ్ లీజియే" అని, అంటే మీరే చూసుకోండని, కాగితం నా చేతిలో పెట్టి వెళ్లిపోయారు. క్లాసులో సగం బెంచీలు ఖాళీ. ఇప్పపూల కాలంలో మా దగ్గర బడి అలాగే ఉంటుంది.

పట్వారీ నక్షా జిరాక్సు తీయించి పెద్దది చేయించాను. దాన్నిండా అంకెలే, మనుషుల జాడ లేదు. దాని మీద పరచడానికి నాలుగు బటర్ పేపర్లు కొన్నాను. ఎర్ర పెన్నుతో సర్కారు పేర్లు ఒక కాగితం మీద, నీలంతో తెలుగువాళ్ల పేర్లు ఇంకోదాని మీద, నలుపుతో హల్బీ మాట్లాడేవాళ్లవి, ఆకుపచ్చతో దోర్లీ మాట్లాడే ఆదివాసీలవి. ఇంటికి వెళ్లి పెద్దవాళ్లను అడిగి రండి, ఒక చోటుకి మీ ఇంట్లో ఏ పేరుంటే ఆ పేరే రాయండి అన్నాను.

"మేడం, మా ఇంట్ల దానికి పేరు లేదు. 'అదిగో ఆడ' అంటరు," అంది దేవిశ్రీ, టైలరు కూతురు.

"అయితే అదిగో ఆడ అనే రాయి."

పదిరోజుల్లో కాగితాలు నిండాయి. సర్కారు కాగితం మీద ఆఫీసులు. మా తెలుగు కాగితం మీద దుకాణాలు, ఒక పాత సినిమా టెంటు, ఏ సావుకారి ఇల్లు ఎవరి ఇంటి పక్కన అన్నది. హల్బీ కాగితం ఊర్మిల పట్టుకొచ్చింది. వాళ్ల తాత చెప్పాడట, ఇప్పటి బస్టాండు ఒకప్పుడు ఉప్పు బండ్లు ఆగిన చోటని. ఎద్దులకు నీళ్లు పెట్టిన గుంటను కూడా గుర్తు పెట్టింది. దోర్లీ కాగితం మీద చెట్లు, ఊటలు, రాళ్లు. దాన్ని రాసింది పొజ్జే. పన్నెండేళ్ల పిల్ల, తక్కువ మాట్లాడేది, అక్షరాలు మాత్రం గింజలు పరిచినంత కుదురుగా రాసేది.

నాలుగు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించాం. వెలుతురు పడగానే పేర్లన్నీ ఒకదానిలోంచి ఒకటి కనిపించాయి. పిల్లలు ఎగబడ్డారు. ఎవరి ఇంటి కింద ఎవరి చెట్టు ఉందో, ఏ ఆఫీసు కింద ఏ ఊట ఉందో వెతుక్కుంటూ అరుస్తున్నారు. నాకు మా ఇల్లు కనిపించింది. పెరట్లో నీలం అక్షరాలతో 'ముత్యాలమ్మ'. సరిగ్గా దాని కింద ఆకుపచ్చగా ఇంకేదో ఉంది.

"పొజ్జే, ఇదేంది?"

"సన్న తాత రాయి, మేడం. సన్న అంటే మా నానమ్మ వాళ్ల అయ్య. పోయినోళ్లకి మేం రాయి పాతుతం గదా, అది."

"కాదు, అది ముత్యాలమ్మ," అంది దేవిశ్రీ. "మా అమ్మ గూడ మొక్కుద్ది."

"మొక్కండి," అంది పొజ్జే. "మా తాతకేం నష్టం?"

బెల్లు కొట్టారు. నాకు గర్వంగా ఉంది, నిజం చెప్పొద్దూ. ఒక్క రాయికి రెండు చరిత్రలు నా క్లాసులో బయటపడ్డాయని. ఆ సంబరంలో ఇంటికెళ్లి చెప్పాను, అదీ అన్నాల దగ్గర.

అత్తయ్య చేతిలో గరిటె ఆగిపోయింది. "చచ్చినోళ్ల రాయా?"

"పిల్లలు రాశారత్తయ్యా, ఇంకా కనుక్కోవాలి."

"దోర్లోళ్లు ఆ రాళ్లకి ఏం కడ్తరో నీకు ఎర్కేనా?"

ఎరుకే. చనిపోయిన మనిషి పేరున ఆవును కోసి, దాని తోక రాయికి కడతారు. శనివారం ఉల్లిపాయ ముట్టని ఇల్లు మాది. "నేను ఇన్నేండ్లు..." అని ఆమె మాట మధ్యలో వదిలేసి, గరిటె గిన్నెలో పెట్టేసి లోపలికి వెళ్లింది.

నవీన్ భయం వేరే. "ఆ నక్షా బ్లాక్ ఆఫీసుల పెడ్తరు గదా? పెద్ద సార్లు సూస్తరు గదా? సావుకారి పెరట్ల ఆదివాసీ రాయి అని అండ్ల ఉంటదా? ఈ జాగ కాగితాలు ఎట్లున్నయో నీకేమన్న తెలుసా?"

ఆదివాసీల భూమి మాలాంటివాళ్లు కొనకూడదని చట్టం. పాత అమ్మకాల మీద ఎప్పుడు ఎవరు కేసు వేస్తారోనని కుంటలో సగం దుకాణాలు లోలోపల వణుకుతూనే ఉంటాయి. "ఆ ఒక్కటి తీసెయ్ శిల్పా. మిగిలినయ్ ఉండనీ," అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. మామయ్య పుల్లయ్య మజ్జిగన్నం పూర్తిచేసి, చెయ్యి కడుక్కుని, దుకాణంలోకి వెళ్లిపోయాడు. మామయ్య మాట్లాడకపోవడం మా ఇంట్లో విశేషం కాదు.

మర్నాడు బడి వదిలాక సగం బ్లేడుతో ఆ ఆకుపచ్చ అక్షరాలు గీకేశాను. బటర్ పేపరు మీద సిరా రబ్బరుకి పోదు, గీకాల్సిందే. నిమిషం కూడా పట్టలేదు. బొటనవేలి గోరంత మేర కాగితం పలచబడి నూగుగా మిగిలింది. నవీన్ అడిగాడంతే, ఆజ్ఞ వెయ్యలేదు. అడగడానికీ చెయ్యడానికీ మధ్య నేను ఆగడానికి కావలసినంత చోటుంది. నేను ఆగలేదు. ఇప్పటికీ దానికి నా దగ్గర మంచి కారణం లేదు.

పొజ్జే పొద్దున్నే చూసింది. కాగితం వెలుతురుకి ఎత్తి పట్టుకుని, ఆ నూగు మీద వేలు ఒకసారి పోనిచ్చింది. నా వైపు చూడలేదు. కాగితం మడత పడకుండా బల్ల మీద పెట్టి వెళ్లి కూర్చుంది. ఆ మర్నాటి నుంచి బడికి రావడం మానేసింది.

"ఇప్పపూలకు పోయిందేమో," అన్నారు పిల్లలు.

ఉగాది వెళ్లింది. శ్రీరామనవమి తర్వాత వచ్చే శుక్రవారం గుడికి ముహూర్తం పెట్టించింది అత్తయ్య. ఆ రోజు అన్నాల దగ్గర విన్నమాట ఆమె మళ్లీ ఎత్తలేదు. రోజూ నీళ్లు పోస్తూనే ఉంది, కాకపోతే పసుపు మునుపటికంటే ఎక్కువ రాస్తోంది. ఏ మాటనో కప్పెట్టాలని చూస్తున్నట్టు నాకు తోచింది. ముహూర్తానికి ఐదు రోజుల ముందు, ఆదివారం నాడు, నేను చీర మార్చుకుని పొజ్జే వాళ్ల పారాకి, అదే వాళ్ల గూడేనికి, నడిచాను. ఎర్రబోరు వెళ్లే రోడ్డు మీద రెండు కిలోమీటర్లు ఉంటుంది.

ఇప్పచెట్ల కింద ఎండాకులు కాల్చి నేల శుభ్రం చేసి ఉంది, పూలు ఏరడానికి వీలుగా. పొజ్జే నన్ను చూసి కూడా ఏరడం ఆపలేదు. వాళ్ల నానమ్మ బుట్ట పక్కన పెట్టి నడుం నిలబెట్టింది. ఆమె పేరు బండి. డెబ్భై దాటిన మనిషి. ఏళ్ల తరబడి మా దుకాణానికి పూలు తెచ్చి పోస్తున్నది, నేనే ఎప్పుడూ పరీక్షగా చూడలేదు.

"రా సావుకారి కోడలా, కూసో. పూలు తొక్కకు."

కూర్చున్నాను. "పొజ్జే బడికి రావట్లేదు."

"ఎందుకొస్తది? రాయమంటివి, రాసింది. రాసినంక గీకితివి." ఆమె గొంతులో కోపం లేదు. ఎండ ఎక్కువైంది అన్నంత మామూలుగా అంది.

"తప్పు చేసిన," అన్నాను. ఆ మాట పొజ్జేకి వినపడాలనే కొంచెం పెద్దగా అన్నాను.

"కాగితం మీద గీకినవ్. రాయి ఉంది గదా," అంది బండి. కాసేపు పూలలో పుల్లలు ఏరింది. "మా తమ్ముడు మంగ్లూ పోయి పదిరోజులాయె. పోయే ముందల ఒక్కటే మాట. నన్ను అయ్య పక్కన పెట్టమన్నడు. మా ఇంట్ల రాళ్లు పక్కపక్కన నిలబడాలె. ఒక్కన్నే ఏడనో పాతితే వాడు తోవ తెల్వక తిరుగుతడు. నువ్వేమో గుడి అంటివి."

"నేను కాదు, మా అత్తయ్య."

"ఎవరో ఒకరు. అయ్య లోపలుంటడు, తమ్ముడు బయటుంటడు, నడుమ గోడ."

ఇన్నేళ్లు ఒక్కసారైనా ఎందుకు చెప్పలేదని అడిగాను.

బండి నా మొహంలోకి చూసింది. "నక్సలైట్ల గొడవల దినాల్ల ఊర్లు ఖాళీ చేయిస్తే మేం ఎర్రబోరు కేంపుల ఉంటిమి. ఎన్నేండ్లు? లెక్క లేదు. ఆడ పోయినోళ్లకి రాళ్లే పాతలే. అన్నేండ్లు మా అయ్యకి నీళ్లు పోసిందెవరు? మీ అత్తనే గదా. పోసే చెయ్యిని ఆపమని నేనెట్ల చెప్పుదు?"

లేస్తూ, రాయి సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు, తెలిస్తే గుడి దాకా వచ్చేది కాదు అన్నాను.

బండి నవ్వింది. ఉన్న రెండు పళ్లూ కనిపించాయి. "మీ మామకి తెలుసు."

ఆ సాయంత్రం మామయ్య పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పదకొండేళ్లలో నేను ఆయన్ని సూటిగా ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ రోజు మంగ్లూ కోరిక చెప్పి, రాయి సంగతి తెలుసా అని అడిగాను.

ఆయన ఇటుకల వైపు చూస్తూ చెప్పాడు. "ఈ జాగ ఇచ్చినోడు బండి చిన్నాయన. చేతిల చెయ్యేసి చెప్పిండు. రాయి కదపొద్దు, మావోళ్లు పోతే దాని పక్కనే పాతుతం, అడ్డం రావొద్దు అని. సరేనన్న."

"మరి ఇంట్లో చెప్పలేదా?"

"మా అమ్మ దిగిన నాడే దానికి పసుపు పూసింది. నిలువురాయి కనపడితే పసుపు పూయకుండ ఉంటరా మనోళ్లు? ఎవరి రాయి, ఏం రాయి అని అడిగినోళ్లు లేరు. నేననుకున్న, మంచిదే, పసుపు పడ్డ రాయిని ఎవడూ కదపడు, ఇచ్చిన మాట నిలబడతది అని."

"మరి పెరటి చుట్టూ గోడ కట్టారు కదా మామయ్యా."

ఆయన కండువా తీసి మొహం తుడుచుకున్నాడు. "గొడవల దినాల్ల అందరు గోడలు కట్టిన్రు. నేనూ కట్టిన. అప్పుడు ఈ మాట యాదికొచ్చింది. ఆల్లు కేంపుల ఉన్నరు గదా, ఎవరొస్తరులే అనుకున్న."

వంటింటి గడపలో చప్పుడైంది. అత్తయ్య చేతిలోని చెంబు కింద పెట్టిన చప్పుడు. ఎప్పటి నుంచి నిలబడిందో తెలియదు.

సోమవారం పొద్దున రాయికి నీళ్లు పడలేదు. మంగళవారం కూడా. అత్తయ్య స్నానం చేసేది, పెరటి తలుపు దాకా వచ్చేది, వెనక్కి వెళ్లిపోయేది. ఒకసారి వంటింట్లో గిన్నెలన్నీ బయటవేసి తోమించింది, మర్నాడు మళ్లీ తోమించింది. మామయ్యతో మాట్లాడలేదు, ఆయనకి అన్నం మాత్రం వడ్డించింది. కూరల్లో ఉప్పు ఒక పూట ఎక్కువ, ఒక పూట అసలు లేదు. ఎండకి రాయి మీద పసుపు బీటలిచ్చింది. నవీన్ అటూ ఇటూ తిరుగుతూ, శుక్రవారం ముహూర్తం ఉన్నట్టా లేనట్టా అని నన్ను అడుగుతున్నాడు. ఆమెను అడిగే ధైర్యం అతనికీ లేదు, నాకూ లేదు. నాకు ఆమె మీద జాలి వేసింది. ముప్ఫై ఏళ్లుగా కొడుకు ప్రాణాన్ని ఆమె ఒక్క చోట దాచుకుంది. ఆ చోటు వేరేవాళ్లదని మేం అందరం కలిసి చెప్పాం.

ఏప్రిల్‌లో బడి పొద్దుటిపూటే. గురువారం నేను ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుండగా పెరటి గోడ అవతల సందులో మనుషుల అలికిడి. ఇనప గేటు ఊచల్లోంచి చూస్తే, ఎనిమిది మంది మగవాళ్లు, వాళ్ల భుజాల మీద రెండు వెదురు బొంగులు, బొంగులకి తాళ్లతో కట్టిన పొడుగాటి రాయి. ముందు బండి. ఆమె పక్కన నీళ్ల సొరబుర్ర పట్టుకుని పొజ్జే.

బుధవారం మామయ్య సైకిలు మీద పారాకి వెళ్లి రమ్మని చెప్పి వచ్చాడట. ఆ సంగతి ఆయన మాకెవరికీ చెప్పలేదు.

గేటుకి తాళం ఉంది. తాళంచెవి అత్తయ్య కొంగు ముడిలో ఉంది.

నవీన్ దుకాణం వదిలి పరిగెత్తుకొచ్చాడు. "ఏంది నానా ఇది? రేపు ముగ్గేసుడున్నది. ముందుగల ఒక మాట చెప్పొద్దా?" మామయ్య ఏమీ అనకుండా గేటు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు, లోపలివైపు. బండి బయటివైపు. ఇద్దరూ పలకరించుకోలేదు.

అత్తయ్య వంటింట్లోంచి వచ్చింది. ఎండ నడినెత్తిన ఉంది. మోస్తున్నవాళ్ల చెవుల పక్కనుంచి చెమట కారుతోంది. వాళ్లలో ఒకతను మరీ పడుచువాడు, బొంగు కింద భుజం మార్చుకుంటున్నాడు. మంగ్లూ కొడుకని తర్వాత తెలిసింది.

"దింపండయ్యా, భుజాలు పోతయ్," అంది అత్తయ్య.

"దింపరు సావుకారమ్మా," అంది బండి. "మా ఇంట్ల దారిల రాయి దింపం. ఏడ దింపితే ఆడనే పాతాలె."

సందులో దింపితే సందులోనే. అత్తయ్య ఆ సందును చూసింది. మురుగు కాలువ, పక్కింటి బాత్రూం గోడ, చెత్తకుప్ప. తర్వాత రాయిని చూసింది. అది మామూలు రాయి, నల్లగా, ఇంకా మట్టి అంటుకుని ఉంది. తర్వాత చాలాసేపు ఆ పడుచువాణ్ని చూసింది.

"నీ తమ్మునికి ఏమొచ్చింది?"

"జరం," అంది బండి. "తలకెక్కింది. మూడు దినాలు ఉన్నడు."

అత్తయ్య కొంగు ముడి విప్పింది. ముడి బిగుసుకుంటే పళ్లతో లాగింది. తాళంచెవి నా చేతిలో పెట్టి, "తియ్యవే. బరువు మోసుకుని నిలబడ్డరు," అంది.

గొయ్యి తవ్వడానికి గంట పట్టింది. ఇప్పచెట్టు వేళ్లు అడ్డం వస్తే వాటిని నరకకుండా పక్కకి జరిగి తవ్వారు. కొత్తరాయి పాతరాయి పక్కన, దానికంటే జానెడు పొట్టిగా, నిలబడింది. దాని నలుపు పక్కన మా రాయి పసుపు ఇంకా కొట్టొచ్చినట్టు కనబడింది. అత్తయ్య దూరంగా నిలబడి చూస్తోంది. ఉండబట్టలేక అడిగింది.

"ఈ పసుపు కడగాల్నా?"

బండి రాయి దగ్గరికి వెళ్లి, బీటలిచ్చిన పసుపు మీద అరచెయ్యి పెట్టింది. "ఇన్నేండ్లకి పట్టింది. కడిగితే పోతదా? ఉండనియ్."

"మరి... తోక?" అంది అత్తయ్య.

"అది పారాలనే చెట్టుకి కట్టినం. నీ వాకిట్లకి తెస్తమా? నీ ఇల్లు మాకెర్క లేదా?"

అత్తయ్య తల ఊపింది. బండి చెట్టు పైకి చూసి, తర్వాత ఇటుకల కేసి చూసి అంది, "కప్పు గూడ వద్దు సావుకారమ్మా. ఎండా వానా తగలాలె వాళ్లకి."

"నా మొక్కో?" అత్తయ్య గొంతు చిన్నపిల్లలా పలికింది. "గుడి కట్టిస్తనని మొక్కుకున్న. పిల్లోని ప్రాణం మీద మొక్కు అది."

"మా అయ్య అడిగిండా ఇల్లు? నువ్వే ఇస్తనంటివి. గేటు తీసి పెట్టు, అదే చాలు ఆయనకి."

అత్తయ్య లోపలికి వెళ్లింది. మళ్లీ రాదనుకున్నాను. రాగిచెంబుతో వచ్చింది.

"ఎవరికి ముందల పొయ్యాలె, బండక్కా?"

ఆమె బయటివాళ్లనెవరినైనా వరస పెట్టి పిలవడం, అందులో పూలు అమ్మవచ్చే మనిషిని, నేను వినడం అదే మొదటిసారి. బండికి అది విశేషంగా తోచినట్టు లేదు. "పెద్దోనికి," అంది.

మామయ్య గేటుకి వేలాడుతున్న తాళం తీసి జేబులో వేసుకున్నాడు. అది మళ్లీ గేటుకి ఎక్కలేదు.

పొజ్జే సోమవారం బడికొచ్చింది. నేను కొత్త బటర్ పేపరు ఇచ్చి మళ్లీ రాసుకోమన్నాను. "మొత్తం మళ్లా రాయాల్నా? వద్దు మేడం," అని పాతదే తీసుకుంది. గీకిన చోటే ఆకుపచ్చ పెన్నుతో రాయబోతే కాగితం చిరిగింది. ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బాలోంచి అన్నం మెతుకు తీసి, వెనకనుంచి చిన్న ముక్క అతికించి, ఆరేదాకా ఊదింది. అప్పుడు రెండు నిలువు గీతలు గీసి రెండు పేర్లు రాసింది. సన్న తాత. మంగ్లూ తాత.

ప్రదర్శన రోజున పెద్ద సారు మా నక్షా ముందు ఆగారు. నాలుగు కాగితాలూ ఎత్తి చూసి మెచ్చుకున్నారు. అతుకు మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగారు.

"బచ్చోం కీ గల్తీ, సర్," అన్నారు మా హెడ్‌మాస్టరు చప్పున, పిల్లల తప్పని.

"బచ్చోం కీ నహీం," అంది పక్కనే నిలబడ్డ పొజ్జే. "మేడమ్‌జీ కీ."

అందరూ నా వైపు తిరిగారు. అవును, తప్పు నాదే అన్నాను. తర్వాతి సంవత్సరం నన్ను అతిథిగా మళ్లీ పిలుస్తారో లేదో అనుకున్నాను. పిలిచారు. ఇంకెవరూ దొరకలేదట.

భూమి మీద కేసు ఇంతవరకు ఎవరూ వెయ్యలేదు. వేస్తారేమోనన్న భయం నవీన్‌కి పోలేదు. పోవాలని నేనూ అనుకోవడం లేదు. ఇటుకలు అలాగే ఉన్నాయి. వాటి మీద చాప పరిచి అత్తయ్య ఆ ఎండాకాలం వడియాలు పెట్టింది. బండి ఇప్పుడు పూలబుట్టతో దుకాణం ముందు నుంచి కాక వెనక గేటు నుంచి వస్తుంది. వచ్చి కాసేపు చెట్టు కింద కూర్చుని వెళ్తుంది.

రాయి పాతిన మర్నాడు, అంటే గుడికి ముగ్గు పొయ్యాల్సిన శుక్రవారం పొద్దున, నేను వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. అత్తయ్య చెంబు పట్టుకుని గేటు దాకా వెళ్లి, అది తెరిచి ఉందో లేదో చూసి, చెట్టు దగ్గరికి వచ్చింది. పెద్ద రాయికి నీళ్లు పోసింది, చిన్న రాయికి పోసింది. పెద్దదానికి పసుపు రాసింది. చిన్నదాని మీద చెయ్యి ఆగింది, రాయలేదు. చేతులు జోడించి, ఎప్పటి మాటే అంది.

"అమ్మా, మా నవీన్‌ని చల్లగ సూడు."

నవీన్ పళ్లు తోముకుంటూ అక్కడే ఉన్నాడు. "ఇంకా అమ్మా అంటున్నవేందే? ఆయన మగాయన గదా."

అత్తయ్య చెంబులో మిగిలిన నీళ్లు చెట్టు మొదట్లో వంపింది.

"నలభై ఏండ్ల సంది అమ్మా అనే పిలుస్తున్న. నేను అమ్మను కాదని ఒక్కనాడన్న అన్నడా ఆయన? నీకు జరమొచ్చిన నాడు గూడ అనలే."